ఒక బార ముందుకు

మా చెల్లి నాకంటే బాగా టీ పెడుతుంది. ఈ మాట నేను ఇంతవరకు ఎవరి ముందూ అనలేదు, ఇకముందు అనను కూడా. ఆ ఎండాకాలం మా ఇంట్లో జరిగింది చెప్పాలంటే ఇక్కణ్ణించే మొదలుపెట్టాలి గనక చెబుతున్నాను.

అమ్మ తన స్థలం మా ఇద్దరికీ పంచినప్పుడు రోడ్డు పక్క మెరక నాకు వచ్చింది. కింద మడుగు ఒడ్డున ఉన్న పల్లం చెల్లికి వెళ్ళింది. పక్కనుంచి మడుగులోకి దిగే సన్నటి దారిని మాత్రం అమ్మ తన పేరనే ఉంచుకుంది. మడుగంటే లోతైనదేమీ కాదు. మోకాలి లోతు నీళ్ళు, తుంగ, బురద. చలికాలంలో పక్షులు దిగుతాయి. మనుషులు దిగితే చెప్పులు అక్కడే వదిలి రావాలి. "చిన్నదానికి కప్పల్ని పంచిపెట్టావేంటమ్మా?" అని నేనే వెక్కిరించాను. చెల్లి కూడా నవ్వింది. దానికి అదో జబ్బు, తన మీద వేసిన జోకుకి తనే ముందు నవ్వుతుంది.

నాకు రోడ్డు మీద టీ కొట్టు. లారీల వాళ్ళు, బడి మేష్టార్లు, మోటారు సైకిళ్ళు బాగుచేసే మెకానిక్కులు, అందరికీ నా బెంచీల మీదే తెల్లారేది. అమ్మ గల్లాపెట్టె పక్కన ప్లాస్టిక్ స్టూలు వేసుకుని కూర్చునేది. ఆ స్టూలు అక్కడ ఉన్నంతకాలం నాకు ఎవరి మీదా ఏ కుళ్ళూ లేదు.

చెల్లి మొగుడు మేస్త్రీ. పాత ఇళ్ళు కూల్చి కొత్తవి కడతాడు. కూల్చిన ఇటుక ముక్కలు, సున్నం పెళ్ళలు, విరిగిన గచ్చు ఎక్కడ పారబోయాలన్నది ప్రతి మేస్త్రీకీ పెద్ద తలనొప్పి. మా మరిదికి ఆ నొప్పి లేదు. పెళ్ళాం వాటాకి వచ్చిన పల్లం ఉంది కదా! తోలింది నా మొగుడి ట్రాక్టరే. "తోడల్లుడు నోరు తెరిచి అడిగాడు, కాదంటే ఏం బాగుంటుందే?" అన్నాడాయన. అలా పెళ్ళలు పోసి, దిమ్మిస కొట్టి, పల్లాన్ని మెరక చేసి, దాని మీద రెండు గదుల ఇల్లు కట్టుకున్నారు. అంతటితో ఆగితే నేనూ ఆగేదాన్నేమో. ఇంటి వెనక నీళ్ళలోకి ఇంకా పెళ్ళలు పోసి, పైన గచ్చు చేసి, పొడుగాటి అరుగు కట్టారు. ఆ అరుగు మీద చెల్లి స్టవ్ పెట్టింది.

మొదట బడి మేష్టారు కనబడటం మానేశాడు. ఒంట్లో బాగాలేదేమో అనుకున్నాను. ఒక సాయంత్రం ఆయనే దారి ఎక్కి పైకి వస్తూ కనిపించాడు, మూతి తుడుచుకుంటూ.

"కింద గాలి బాగుందమ్మా," అన్నాడు.

గాలి తాగి మూతి తుడుచుకునే మనిషిని చూడటం అదే మొదటిసారి. తర్వాత మెకానిక్కులు దిగారు. ఆ తర్వాత లారీల వాళ్ళు కూడా. లారీ నా కొట్టు నీడలో ఆపడం, కిందికి వెళ్ళి టీ తాగి రావడం. పుండు మీద కారం చల్లినట్టు ఒక మధ్యాహ్నం చూస్తే గల్లాపెట్టె పక్కన స్టూలు లేదు.

దడదడా దిగాను. చెల్లి అరుగు చివర, నీళ్ళ వైపు మొహం పెట్టి, అదే స్టూలు మీద కాళ్ళు చాపుకుని అమ్మ కూర్చుని ఉంది.

"ఇక్కడికెందుకొచ్చావు?"

"పైన ఉడికిపోతున్నానే. కాసేపు గాలికి."

"నీకోసం ఫ్యాను కొన్నానుగా!"

"అది కొట్టేదీ ఆ వేడిగాలేగా," అంది అమ్మ, నా వైపు తిరక్కుండానే.

చెల్లి టీ తెచ్చి రేకు బల్ల మీద పెట్టింది. నున్నటి రేకు. ఎంత తుడిస్తే అంత మెరుస్తోంది.

"ఈ బల్ల ఎక్కడిది?"

"గట్టు మీద బోర్డు పడుందక్కా, గాలికి విరిగి. మీ మరిది దానికి కాళ్ళు బిగించారు. బాగుందా?"

నా కొట్టులో చెక్క బల్లలు. ఎప్పుడూ తడి వాసన. బల్లను చూసి కూడా కుళ్ళుకున్నాను, దాచడమెందుకు? టీ తాగాను. బాగుంది. పంచదార ఎక్కువైందని చెప్పి లేచాను.

ఇంటికి వచ్చేసరికి ఆయన ట్రాక్టరు కింద దూరి ఏదో బిగిస్తున్నాడు. కాళ్ళు మాత్రమే కనిపిస్తున్నాయి. ఆ కాళ్ళతోనే మాట్లాడాను.

"మనకీ అరుగు కావాలి."

"మనకి నీళ్ళెక్కడున్నాయే? మనది మెరక."

"అమ్మ దారి ఉంది. దాని చివర కడదాం."

"అది అత్తయ్య పేరన ఉంది."

"అయితే? మా అమ్మ చెల్లెలికొక్కదానికే అమ్మా?"

ట్రాక్టరు కిందనుంచి నిట్టూర్పు వినిపించింది. "ఎంత ఉండాలి?"

"దానికంటే ఒక బార ముందుకు. అమ్మ ఎక్కడ కూర్చున్నా నాదే కనబడాలి."

"ఇలాంటివాటికి ఎక్కడో అడగాలంటారు మరి."

"అది అడిగిందా?"

"లేదు."

"మరి నేనెందుకు అడగాలి? దానికంటే నేనేం తక్కువ తిన్నాను?"

ట్రాక్టరు కింద పనిముట్టు ఒకటి పడిన చప్పుడు వచ్చింది.

అమ్మతో చెప్పేసరికి సగం పెళ్ళలు పడిపోయాయి. ఆవిడ దారి మొదట్లో నిలబడి చాలాసేపు చూసి, "నీ ఇష్టమే," అంది. ఆ మాటలో ఇష్టం ఎక్కడుందో నేను వెతకలేదు. నా అరుగు చెల్లి అరుగు కంటే సరిగ్గా ఒక బార ముందుకు వెళ్ళింది. బారెడు కర్ర నేనే పట్టుకుని కొలిపించాను. స్టవ్, బెంచీలు కిందికి దింపాను. అమ్మ స్టూలు నా చేత్తో నేనే తెచ్చి నా అరుగు చివర వేశాను.

మా మరిది నెమ్మదస్తుడే గాని మేస్త్రీ మేస్త్రీయే. ఇంకొకరి గచ్చు తన గచ్చుని దాటిపోతే ఊరుకుంటాడా? వారం తిరక్కుండా వాళ్ళ అరుగు పెరిగింది. నాది మళ్ళీ పెరిగింది. వాళ్ళు కమ్మీలు పెడితే నేను కమ్మీలకు రంగు వేయించాను. రెండువైపులా పెళ్ళలు తోలేది మాత్రం నా మొగుడే. పొద్దున వాళ్ళకి, మధ్యాహ్నం మాకు. ఎవరినీ నొప్పించని మనిషి.

"మీరిద్దరూ ఇలాగే పోతే వానల్లోపు అవతలి ఒడ్డు చేరతారు," అంది అమ్మ.

రెండరుగుల మధ్య చిక్కుకున్న నీళ్ళు కదలడం మానేశాయి. పచ్చటి తెట్టు కట్టింది. తుంగ పసుపెక్కి వంగిపోయింది. చేపపిల్లలు వెల్లకిలా తేలాయి. సాయంత్రాలు చెవులు హోరెత్తించే కప్పలు ఎప్పుడు నోరు మూశాయో నేను గమనించనేలేదు. వాసన వస్తోందని ఎవరైనా అంటే, "మా చెల్లి గ్లాసులు కడిగిన నీళ్ళండీ," అనేదాన్ని.

ఇంతలో మీసాల లారీ డ్రైవరు ఒకాయన నా అరుగు మీద టీ తాగుతూ, "రెండూ అచ్చం ఒకలాగే ఉన్నాయమ్మా! అక్కాచెల్లెళ్ళంటే అలా ఉండాలి," అన్నాడు. మెచ్చుకుంటున్నాననే అనుకున్నాడు పాపం. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఇంత చేసి, ఒకలాగేనా?

మర్నాడు అమ్మకి మాత్రలు కొనడానికి మందుల షాపుకి వెళితే గోడ మీద అద్దం కట్టిన కాగితం కనిపించింది. లైసెన్సు. కింద గుండ్రటి ముద్ర, వంకర సంతకం. మాత్రలు మర్చిపోయి దాన్నే చూస్తూ నిలబడ్డాను. చెల్లి దగ్గర లేనిది అదే! నా అరుగుకి అలాంటి కాగితం తెచ్చి, అద్దం కట్టించి, చెల్లి గిరాకీకి కూడా కనబడేట్టు తగిలిస్తే?

అటునుంచి అటే కట్టడాలకి అనుమతులిచ్చే ఆఫీసుకి వెళ్ళాను. కిటికీ పక్క బల్ల దగ్గర ఒక ఆఫీసరమ్మ కూర్చుని ఉంది. కళ్ళజోడుకి తాడు కట్టుకుంది. అరుగుకి లైసెన్సు కావాలన్నాను.

"ఎక్కడ కట్టాలనుకుంటున్నారు?"

"మడుగులోనండీ."

"ఇంకా మొదలుపెట్టలేదు కదా?"

"మొదలేంటండీ, పూర్తయింది కూడా! రంగులు వేయించాను. మా చెల్లి దానికంటే ఒక బార ముందుకుంది."

ఆవిడ కళ్ళజోడు తీసి, మళ్ళీ పెట్టుకుంది. "మీ చెల్లెలిది కూడా ఉందా?" అని ఎంతో మర్యాదగా అడిగింది. "కూర్చోండి. మంచినీళ్ళు తాగుతారా?"

ఎంత మంచి ఆఫీసు అనుకున్నాను. కాగితం ఎప్పుడిస్తారని అడిగితే, రేపు తనే వచ్చి చూస్తానంది. చెల్లి ఇంటికి ఇంతవరకు ఏ ఆఫీసరూ రాలేదు. నా ఇంటికి వస్తోంది! దారి పొడుగునా నేల మీద నడవలేదు నేను.

ఆవిడ టేపు పట్టుకునే మనుషులతో వచ్చింది. నా అరుగు కొలిచింది, చెల్లి అరుగు కొలిచింది, ఇంటి చుట్టూ తిరిగి దాన్నీ కొలిచింది. చెల్లి మామూలుగానే నవ్వుతూ టీ తెచ్చి రేకు బల్ల మీద పెట్టింది. ఆవిడ గ్లాసు చేతిలోకి తీసుకుని, వంగి బల్ల కిందికి చూసింది.

"దీన్ని ఒకసారి తిరగెయ్యండి," అంది మరిదితో.

తిరగేశాడు. రేకు అడుగున రంగు వెలిసినా అక్షరాలు శుభ్రంగా ఉన్నాయి. ఇది రక్షిత చిత్తడి నేల, మట్టి పోయరాదు, కట్టడాలు కట్టరాదు.

"ఇది చదివారా?"

మరిది మెడ గోక్కున్నాడు. "చదివానండీ. బల్లకి కొలత సరిపోతుందనిపించింది."

ఆవిడ గట్టిగా మాట్లాడలేదు. గట్టిగా మాట్లాడి ఉంటే నేనూ గట్టిగా జవాబు చెప్పేదాన్ని. ఒడ్డున ఉన్న పల్లం మీ సొంతమే కావచ్చు, కానీ వానలకి నీళ్ళు నిలిచే చోటంతా చట్టం లెక్కలో మడుగే, అంది. అనుమతి లేకుండా అందులో తట్ట మట్టి పోసినా బాధ్యత పోసినవాళ్ళదే. పోసినవాళ్ళే తీయాలి, మడుగు మునుపు ఎలా ఉండేదో అలా చేసి చూపించాలి. చెయ్యకపోతే ఆఫీసు వాళ్ళు చేయించి, ఖర్చు రాబట్టి, కోర్టుకి ఎక్కిస్తారు.

"తెలీక చేశామండీ," అన్నాడు నా మొగుడు.

"తెలియకపోయినా అంతేనండీ. ఇక్కడ బోర్డు కూడా ఉంది."

"పోనీ ఇప్పుడు అనుమతి ఇచ్చెయ్యండి," అన్నాను.

"ముందే వచ్చి అడిగినా వద్దనేవాళ్ళం, అమ్మా."

చెల్లి ఒక్కటే అడిగింది. "ఇల్లు?"

"ఇల్లు కూడా పోసినదాని మీదే ఉంది కదా."

చెల్లి ఖాళీ గ్లాసులు ఏరడం మొదలుపెట్టింది. ఆఫీసరమ్మ నా అరుగు వైపు చూపించి, ఆ దారి ఎవరి పేరన ఉందని అడిగింది. అమ్మ పేరన అని చెప్పాను. "అయితే ఆవిడ కూడా విచారణకి రావాలి," అంది. అమ్మ స్టూలు మీంచి లేచి నిలబడింది, ఎవరో పిలిచినట్టు.

మర్నాటికల్లా ఊరంతా ఒకటే మాట. ఓర్వలేక అక్కే చాడీ చెప్పిందట! కన్నతల్లిని కూడా కేసులో ఇరికించిందట! చాడీ కాదు బాబూ, నా గొప్ప చెప్పుకోవడానికి వెళ్ళాను అంటే వినేవాడేడీ? కాదని గట్టిగా అంటే గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకుందంటారు. ఊరుకుంటే నిజమే అంటారు. కొరివితో తల గోక్కోవడం అంటే ఏమిటో నాకు అప్పుడు తెలిసింది.

చెల్లి మాత్రం ఒక్క మాట అనలేదు. అదే భరించలేకపోయాను. దాని ఇంటికి వెళ్ళి గుమ్మంలో నిలబడ్డాను. అది గిన్నెలు మూట కడుతోంది.

"నేను చాడీ చెప్పలేదు."

"తెలుసక్కా. చాడీ చెప్పాలంటే మన పేరు బయటికి రాకూడదు. అది నీ వల్ల కాదు."

నవ్వాలో తిట్టాలో తోచలేదు. "ఈ మూటలేంటి?"

"ఆయనకి వేరే ఊళ్ళో పని దొరికింది. ఇల్లు ఎలాగూ పోతుంది కదా, వెళ్ళిపోతాం. అమ్మని కూడా కొన్నాళ్ళు తీసుకెళ్తాను. ఈ గొడవలకి భయపడుతోంది."

చూశారా! ఇల్లు పోగొట్టుకుని కూడా అమ్మని అదే తీసుకెళ్తుందట.

విచారణ రోజున బెంచీ మీద అమ్మ మధ్యలో, మేమిద్దరం చెరో పక్క కూర్చున్నాం. అల్లుళ్ళిద్దరూ గోడకి ఆనుకుని నిలబడ్డారు. ఎదురుగా పెద్దాఫీసరు, పక్కన మా ఆఫీసరమ్మ. నేను ఇంటిదగ్గరే మాటలు కూర్చుకుని వచ్చాను. ముందు కట్టింది చెల్లి. అది కట్టకపోతే నేను కట్టేదాన్నా? నన్ను చెడగొట్టింది అదే. ఇందులో అబద్ధం ఒక్కటీ లేదు.

పెద్దాఫీసరు ముందు అమ్మని అడిగాడు. "దారి మీ పేరన ఉంది. దాని చివర కట్టించింది మీరేనా?"

అమ్మ కొంగు చివర వేలికి చుట్టడం మొదలుపెట్టింది. నేను కూర్చుకున్న మాటలు ఒక్కటీ ఆ ప్రశ్నకి పనికిరాలేదు.

చెల్లి లేచింది. "మా అమ్మకి ఏం తెలీదండీ. మడుగులో పోసిందంతా నేనే పోయించాను. మా అక్కకి పైన రోడ్డు మీద కొట్టుంది. ఆవిడకి ఇందులో సంబంధం లేదు. అంతా నా పేరనే రాసుకోండి."

గదిలో అందరూ చెల్లి వైపే చూశారు. ఆఫీసరమ్మ చూసింది, నా మొగుడు చూశాడు. అమ్మ దాని చెయ్యి పట్టుకుంది.

గిరాకీ దానిదే, గాలి దానిదే, మంచితనం కూడా దానిదేనా? అమ్మని కాపాడిన పేరు కూడా అదే కొట్టేస్తుందా?

"అబద్ధమండీ!" అని లేచాను. "ముందుకున్నది నాది. బారెడు కర్ర పట్టుకుని నేనే కొలిపించాను. అమ్మకి సగం పోశాక చెప్పాను. రంగు వేసిన కమ్మీలు నావి. దానివి ఒట్టి కమ్మీలు, కావాలంటే చూసుకోండి."

"అక్కా, కూర్చో."

"నువ్వు కూర్చో! నాది నీ పేరన ఎందుకు రాసుకుంటారు?"

"తోలింది మాత్రం నేనండీ," అన్నాడు గోడ దగ్గరినుంచి నా మొగుడు. "రెండువైపులా."

పెద్దాఫీసరు కలం కింద పెట్టాడు. "ఈ గదిలో 'నాది కాదు' అని కొట్టుకునేవాళ్ళనే ఇంతకాలం చూశాను," అన్నాడు.

రెండరుగుల పెళ్ళలూ మధ్యలో కలిసిపోయాయి, ఎవరివి ఎవరివో తేల్చడం అయ్యేపని కాదని ఆఫీసరమ్మ చెప్పింది. కట్టించింది అమ్మ కాదని తేలింది గనక ఆవిడని వదిలేశారు. తోలినవాడు తీసేటప్పుడు కూడా తోలాలన్నారు. మా ఇద్దరినీ కలిపి బాధ్యులన్నారు. అరుగులు, ఇల్లు, కింది పెళ్ళలు వానల్లోపు తీసెయ్యాలి. తుంగ నాటాలి. అది వేళ్ళు పట్టి నిలబడిందని ఆఫీసు ఒప్పుకునేదాకా ఇద్దరిదీ పూచీ. ఒకరు తప్పుకుంటే మొత్తం భారం రెండోవాళ్ళ మీద పడుతుంది.

కూల్చేటప్పుడు మేస్త్రీ తన గచ్చు మీద మొదటి దెబ్బ తనే వేశాడు. చెల్లి ఇంటి గోడలు పడుతుంటే నేను చూడలేక మొహం తిప్పుకున్నాను. ఎన్నాళ్ళుగానో ఆ ఇల్లు పోవాలని కోరుకున్నదాన్ని, సంతోషం వస్తుందేమోనని కాచుకున్నాను. రాలేదు. చెల్లి మూటలు ట్రాక్టరు మీదికి ఎక్కిస్తోంది.

"ఎక్కడికి?" అన్నాను.

"చెప్పాను కదక్కా."

"నువ్వు పోతే మొత్తం నా నెత్తిన పడుతుంది. విన్నావు కదా? నువ్వు పోసిన పెళ్ళలు నేను ఎత్తాలా? నువ్వు అక్కడ హాయిగా అమ్మని పెట్టుకుని కూర్చుంటావా?"

"నీళ్ళలో దిగాల్సినప్పుడల్లా వస్తాలే."

"అక్కర్లేదు. కొట్టు వెనక గది ఉంది."

"దాన్నిండా నీ పాత బెంచీలున్నాయిగా?"

"బయట పడేస్తాను."

చెల్లి మూట దించకుండా నన్ను చూసింది. "నన్ను రోజూ ఎదురుగా చూస్తూ ఉండగలవా, అక్కా?"

"ఉండలేను," అన్నాను. "అయినా ఉండు."

వానలు మొదలయ్యేసరికి మోకాలి దాకా బురదలో దిగి తుంగ దుంపలు నాటుతున్నాం. చెల్లి వరస తిన్నగా వచ్చింది. నాది వంకర. దాన్ని చూసి పీకి మళ్ళీ నాటాను. మరిది వేరే ఊరి పని మానుకుని దగ్గర్లోనే చూసుకున్నాడు. పైన కొట్టులో గల్లాపెట్టె పక్కన అమ్మ స్టూలు మళ్ళీ చేరింది. ఫ్యాను గాలి వేడిగా ఉందని అమ్మ ఇప్పటికీ అంటూనే ఉంటుంది.

వానలు తగ్గాక ఆఫీసరమ్మ తనిఖీకి వచ్చింది. ఒడ్డంతా తిరిగింది. తెట్టు పోయింది, నీళ్ళు కదులుతున్నాయి. కప్పలు ఆవిడ మాట వినపడనివ్వడం లేదు. ఇంకా కొన్నాళ్ళు చూడాలమ్మా, పూచీ ఇప్పుడే తీరదు, అంది. నేను దిగులు పడలేదు. ఇంకా కొన్నాళ్ళు చెల్లి ఎక్కడికీ పోదు.

ఆఫీసరమ్మ పైకి వచ్చి కొట్టులో కూర్చుంది. నా చెక్క బల్ల మీద టీ పెట్టాం. బడి మేష్టారు, మీసాల డ్రైవరు, మెకానిక్కులు, అందరూ చుట్టూ ఉన్నారు. ఆవిడ ఒక గుక్క తాగి, గ్లాసు వైపు చూసి, ఇంకో గుక్క తాగింది.

"చాలా బాగుంది. ఎవరు పెట్టారు?"

చెల్లి నా వైపు చూసింది. అమ్మ కూడా చూసింది. స్టవ్ దగ్గర నిలబడింది చెల్లి. ఆకు వేసింది చెల్లి. పాలు కాచింది కూడా చెల్లే.

"ఇద్దరం," అన్నాను.